అభిమాన దర్శకుడు ఎవరు? గుంటూరు, ప్రకాశం మైదానాల్లో తెగని చర్చ

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి మైదానం తెలుగు తెరకు ఇచ్చిన దర్శకుల పేర్లు వరుసగా చదివితే, అభిమాన దర్శకుడు ఎవరన్న ప్రశ్న ఇక్కడ ఎందుకు తొందరగా వేడెక్కుతుందో తెలుస్తుంది. రేపల్లె తాలూకా పెదపులివర్రులో పుట్టిన కె.విశ్వనాథ్, టంగుటూరు దగ్గరి కాకుటూరివారిపాలెం నుంచి వచ్చిన టి.కృష్ణ, ఒంగోలు ప్రాంతానికి చెందిన బి.గోపాల్, పెదకాకాని వారైన బోయపాటి శ్రీను, కొరటాల శివ, యద్దనపూడి వైపు చిలుకూరివారిపాలెంలో పుట్టిన అనిల్ రావిపూడి. అందరూ ఈ నేల మీది వారే. అయినా ఒకరి సినిమాకూ మరొకరి సినిమాకూ పోలిక వెతికితే దొరకదు.

హీరో మీద అభిమానానికి కారణం ఎవరూ అడగరు. దర్శకుడి పేరు చెప్పగానే మాత్రం ‘ఎందుకు’ అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఒకరు విలువలు అంటారు, ఒకరు సందేశం అంటారు, ఇంకొకరు హాలు దద్దరిల్లిన తీరు చెబుతారు. ముగ్గురూ మూడు వేర్వేరు కొలతలు పట్టుకుని ఒకే పోటీలో ఉన్నామనుకుంటారు. చర్చ చిక్కుపడింది అక్కడే. ఆ కొలతలను విడదీసి, ఒక్కొక్కదాని బలం, లోపం చూపి, చివరికి ఏ వైపు మొగ్గవచ్చో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇక్కడ గుంటూరు, ప్రకాశం అంటే 2022 ఏప్రిల్‌లో బాపట్ల, పల్నాడు జిల్లాలు ఏర్పడక ముందున్న ఉమ్మడి జిల్లాలు.

దర్శకుడి పేరు ముందుకు రాని రోజులు

మన సినిమా తొలి దశాబ్దాల్లో దర్శకుడి కోసం టికెట్టు కొన్నవారు తక్కువ. పురాణ కథ, పద్యం పాడే గొంతు, నాటకాల్లో పేరున్న నటుడు ప్రేక్షకుణ్ని హాలుకు రప్పించేవి. ఆ కాలంలోనూ తన ఆలోచన వల్ల గుర్తుండిపోయిన దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం. ఆయన కృష్ణా జిల్లా వారైనా, ఆయన ఎత్తుకున్న సమస్యలు ఈ మైదానానికి బాగా తెలిసినవి. 1938లో ‘మాలపిల్ల’తో అంటరానితనాన్ని, 1939లో ‘రైతుబిడ్డ’తో జమీందారీ పెత్తనాన్ని తెరకెక్కించారు. ‘రైతుబిడ్డ’ జమీందార్ల ఆగ్రహానికి గురైంది. ఆ చిత్రానికి పాటలు రాసిన వారిలో బాపట్ల దగ్గరి అప్పాపురానికి చెందిన కొసరాజు రాఘవయ్య ఒకరు. రైతు పలుకుబడి తెలిసిన ఆ కవి కలమే తర్వాత 1955లో ‘రోజులు మారాయి’ చిత్రానికి ఊరూరా పాడుకునే ఏరువాక పాటను ఇచ్చింది. రామబ్రహ్మం చివరగా చేపట్టింది పల్నాటి కథ. ‘పల్నాటి యుద్ధం’ పూర్తికాకుండానే ఆయన కన్నుమూస్తే ఎల్.వి.ప్రసాద్ పూర్తి చేశారు. 1947లో విడుదలైన ఆ చిత్రాన్ని ఏ దర్శకుడి ఖాతాలో వేయాలన్నది ఈ చర్చలో ముందు ముందు వచ్చే చిక్కుకు తొలి ఉదాహరణ.

ఆ తర్వాత వచ్చిన విజయా సంస్థ ఈ చిక్కును ఇంకా పెంచింది. సంస్థ వెనుక మెదడు తెనాలికి చెందిన చక్రపాణి. ‘మిస్సమ్మ’ (1955) దర్శకుడు ఎల్.వి.ప్రసాద్, ‘గుండమ్మ కథ’ (1962) దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. రెండు చిత్రాల్లోనూ ప్రేక్షకుడికి పరిచయమైన ఆ తేలికపాటి హాస్యం, ఇంటి మాటల ఒరవడి చక్రపాణివే అనేవారు చాలామంది. ‘గుండమ్మ కథ’కు మాటలు రాసిన డి.వి.నరసరాజు పల్నాటి ప్రాంతం నుంచి వెళ్లినవారు. 1954లో కె.వి.రెడ్డి తీసిన ‘పెద్దమనుషులు’కూ ఆయనే మాటల రచయిత. ‘మాయాబజార్’ (1957) సంగతికొస్తే కె.వి.రెడ్డి పేరుతో పాటు పింగళి నాగేంద్రరావు మాట, మార్కస్ బార్ట్లీ కెమెరా చెప్పకుండా ఆ చిత్రం గొప్పతనం చెప్పలేం. ఆ తరం ప్రేక్షకులు సంస్థను నమ్మారు. ‘విజయా వారి సినిమా’ అన్న మాటే వారికి పూచీ. దర్శకుడి పేరు మీద అభిమానం ఒక అలవాటుగా కుదురుకున్నది 1970ల తర్వాతే. దాసరి నారాయణరావు, కె.రాఘవేంద్రరావు, బాపు, విశ్వనాథ్ ఒకే కాలంలో పోస్టరు మీద తమ పేరుకు విలువ తెచ్చారు.

మొదటి వాదం: సంతకం ఉన్న దర్శకుడు

ఈ వాదం ప్రకారం అభిమాన దర్శకుడంటే పేరు చూడకుండానే ఎవరి సినిమానో చెప్పగలిగేలా చేసేవాడు. ఈ మైదానంలో ఈ వాదానికి నిలువెత్తు సాక్ష్యం విశ్వనాథ్.

1930లో పుట్టి, గుంటూరులో చదువుకుని, మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్ద విభాగంలో చేరిన వ్యక్తి ఆయన. ఆదుర్తి సుబ్బారావు దగ్గర పనిచేసి, 1960ల మధ్యలో ‘ఆత్మగౌరవం’తో దర్శకుడయ్యారు. ‘చెల్లెలి కాపురం’ (1971), ‘శారద’ (1973), ‘ఓ సీత కథ’ (1974), ‘జీవనజ్యోతి’ (1975) వంటి కుటుంబ కథలు తీశాక, ‘సిరిసిరిమువ్వ’ (1976)తో సంగీత నృత్యాల వైపు మళ్లారు. 1980 ఫిబ్రవరి 2న ‘శంకరాభరణం’ వచ్చింది. తార లేని సినిమా, మధ్య వయసు దాటిన కథానాయకుడు, శాస్త్రీయ సంగీతం. వ్యాపార సూత్రాలన్నిటికీ ఎదురు నడిచిన ఆ చిత్రం తెలుగు నాట, తెలుగు రాని రాష్ట్రాల్లో కూడా విజయవంతమై జాతీయ స్థాయిలో స్వర్ణకమలం అందుకుంది. ‘సప్తపది’ (1981), ‘సాగరసంగమం’ (1983), ‘స్వాతిముత్యం’ (1986), ‘సిరివెన్నెల’ (1986), ‘స్వయంకృషి’ (1987), ‘స్వర్ణకమలం’ (1988), ‘స్వాతికిరణం’ (1992) ఆ వరుసలోనివే. ‘స్వాతిముత్యం’ భారతదేశం తరఫున ఆస్కార్ పోటీకి వెళ్లింది. 2016 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకు దక్కింది.

ఈ వాదం బలమంతా కొనసాగింపులో ఉంది. ఇరవై ఏళ్ల పాటు, వేర్వేరు నిర్మాతలతో, వేర్వేరు తారలతో పనిచేసినా చూపు చెదరలేదు. శబ్ద విభాగంలో పెరిగిన చెవి వల్ల ఆయన చిత్రాల్లో మాట ఎక్కడ ఆగాలో, మౌనం ఎంతసేపు ఉండాలో తెలుస్తుంది. గొంతు లేని నర్తకి, చూపు లేని వేణువాద్యకారుడు, మాట రాని చిత్రకారిణి ఆయన కథల్లో పదేపదే ఎదురవుతారు. ఒక ఇంద్రియం మూగబోతే కళ ఇంకో దారిన ఎలా పలుకుతుందో ఆయన వదలకుండా పరీక్షించారు.

ఎదురు వాదమూ బలమైనదే. విశ్వనాథ్ లోకంలో విలువ అంటే చాలాసార్లు శాస్త్రీయ కళ. ఆ కళ ఎవరి ఇంట్లో పుట్టిందో వారి ఆచార వ్యవహారాలే ఆదర్శంగా కనిపిస్తాయి. అగ్రవర్ణ సంస్కృతిని తెలుగు సంస్కృతికి మారుపేరుగా నిలబెట్టారన్నది ఆయనపై పాత విమర్శ. ఇంకో అభ్యంతరం ఊరికి సంబంధించినది. ఆయన ప్రసిద్ధ చిత్రాల్లో గోదావరి తీరం ఎక్కువగా కనిపిస్తుంది. పెదపులివర్రు చుట్టూ ఉన్న కృష్ణా డెల్టా, దానికి ఆవల ఉన్న నల్లరేగడి మెట్ట అంతగా కనిపించవు.

రెండో వాదం: ప్రశ్నించిన దర్శకుడు

రెండో వాదానికి సినిమా ఏం మార్చిందన్నదే ముఖ్యం. దీని మూలాలు వామపక్ష సాంస్కృతిక సంస్థ ప్రజానాట్యమండలిలో ఉన్నాయి. ఊరి మధ్య వేదిక వేసి, బుర్రకథ చెప్పి, నాటకం ఆడి రాజకీయాన్ని జనం ముందు పెట్టిన ఆ సంప్రదాయానికి ఒంగోలు ప్రాంతం గట్టి పునాది. అక్కడి నుంచి వచ్చిన మాదాల రంగారావు నిర్మాతగా, నటుడిగా ‘యువతరం కదిలింది’ (1980), ‘ఎర్రమల్లెలు’ (1981) వంటి చిత్రాలతో ఎర్రజెండా సినిమాకు దారి వేశారు. ఆ రెంటికీ దర్శకుడు ధవళ సత్యం.

ఆ దారిని దర్శకుడిగా విస్తరించిన వ్యక్తి టి.కృష్ణ. 1983లో ఈతరం ఫిలిమ్స్ ‘నేటిభారతం’తో మొదలై, 1985లో ‘దేశంలో దొంగలు పడ్డారు’, ‘వందేమాతరం’, ‘ప్రతిఘటన’, 1986లో ‘రేపటి పౌరులు’ వరకు సాగి, అదే 1986లో ఆయన మరణంతో ఆగిపోయిన ప్రయాణం. సుమారు మూడేళ్ల కాలం. ఉషాకిరణ్ మూవీస్ పతాకంపై వచ్చిన ‘ప్రతిఘటన’లో ఓ మహిళా లెక్చరర్ గొడ్డలితో గూండా నాయకుణ్ని నరికే పతాక సన్నివేశం ఆనాటి ప్రేక్షకులకు ఎంత ఆవేశాన్నిచ్చిందో, ఇప్పటి ప్రేక్షకుల్లో అంత చర్చనూ రేపుతుంది. ఆ చిత్రం 1987లో హిందీలో ‘ప్రతిఘాత్’గా మళ్లీ వచ్చింది. నటి విజయశాంతికి గ్లామర్ దాటిన గుర్తింపు తెచ్చింది ఈ దర్శకుడి చిత్రాలే.

ఈ వాదం బలం నిజాయితీలో ఉంది. ప్రేక్షకుడు అప్పుడే పేపర్లో చదివిన అవినీతి, రౌడీ రాజకీయం, ఆడవారి మీద అఘాయిత్యం తెర మీద అదే పేరుతో కనిపిస్తాయి. లోపాలు కూడా దాచలేనివి. మాట బలం మీద ఆధారపడినంతగా ఆ సినిమాలు దృశ్యం మీద ఆధారపడవు. సమస్యకు పరిష్కారం ఒక వ్యక్తి వీరోచిత చర్యతో ముగియడం వల్ల వ్యవస్థ గురించిన ప్రశ్న మధ్యలోనే ఆగిపోతుంది.

వీటికంటే లోతైన అభ్యంతరం ఒకటుంది. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. ఆ ఏడాదే దళిత మహాసభ ఏర్పడింది. బొజ్జా తారకంతో పాటు దాని నాయకుల్లో ఒకరైన కత్తి పద్మారావు ఈ జిల్లాల వారే. వర్గం గురించి మాట్లాడి కులాన్ని పక్కన పెట్టారని వామపక్షాలను నిలదీసిన ఉద్యమమది. అదే ఏడాది మూడు సినిమాలు తీసిన ప్రకాశం జిల్లా దర్శకుడి మీదా ఆ నిలదీత వర్తిస్తుందా అన్నది న్యాయమైన ప్రశ్న. సినిమా చట్రంలో అప్పటికి సాధ్యమైనంత చెప్పారని ఒక పక్షం అంటుంది. చెప్పని మాటే అసలు మాట అని రెండో పక్షం అంటుంది.

మూడో వాదం: హాలును ఏలిన దర్శకుడు

మూడో వాదం నేరుగా ప్రేక్షకుడి వైపు నిలబడుతుంది. పగలంతా కలుపు తీసి, కాయ కోసి, సాయంత్రం డబ్బు పెట్టి వచ్చిన మనిషిని రెండున్నర గంటలు కదలకుండా కూర్చోబెట్టడం చిన్న విద్య కాదన్నది దీని మూలసూత్రం. పంపిణీదారుల లెక్కల్లో ‘గుంటూరు’ ఎప్పటినుంచో విడిగా ఒక ఏరియా. ఇక్కడి వసూళ్లు సినిమా తలరాతను చెప్పే గీటురాళ్లలో ఒకటి. డెల్టా వ్యవసాయంలో మిగిలిన డబ్బు పెట్టుబడిగా సినిమాకు చేరిన చరిత్ర కూడా ఈ వాదం వెనుక ఉంది.

బి.గోపాల్ ‘లారీ డ్రైవర్’, ‘బొబ్బిలి రాజా’ (1990), ‘అసెంబ్లీ రౌడీ’ (1991) తర్వాత ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఇంద్ర’ (2002)లతో ఫ్యాక్షన్ సినిమాకు వ్యాకరణం రాశారు. ఎప్పుడు మౌనం, ఎప్పుడు డైలాగు, ఎప్పుడు సుమో వాహనం గాల్లోకి లేవాలి అన్న తూకం ఆయన చేతిలో ఖచ్చితంగా ఉండేది. బోయపాటి శ్రీను ‘భద్ర’ (2005) నుంచి ‘సింహా’ (2010), ‘లెజెండ్’ (2014), ‘అఖండ’ (2021) దాకా ఆ తూకాన్ని ఇంకా పెద్ద గొంతుతో వినిపించారు. కొరటాల శివ ‘మిర్చి’ (2013), ‘శ్రీమంతుడు’ (2015)లలో హీరో బలానికి ఒక సామాజిక కారణం జోడించారు. ఊరిని దత్తత తీసుకునే కథతో ‘శ్రీమంతుడు’ వచ్చాక మహేశ్‌బాబు తెనాలి దగ్గరున్న తమ సొంత ఊరు బుర్రిపాలెంను దత్తత తీసుకున్నారు. సినిమా సందేశం తెర దాటి ఊరికి చేరిన అరుదైన ఉదాహరణ అది. అనిల్ రావిపూడి ‘పటాస్’ (2015) నుంచి ‘ఎఫ్2’ (2019), ‘సంక్రాంతికి వస్తున్నాం’ (2025) దాకా కుటుంబమంతా కూర్చుని నవ్వే సినిమాను వరుస విజయంగా మార్చారు. గోపీచంద్ మలినేని ‘క్రాక్’ (2021)లో ఒంగోలు వీధులను, వేటపాలెం పేరును కథలోకి తెచ్చారు.

ఈ వాదం లోపం అందరికీ తెలిసినదే. హాలు దద్దరిల్లినంత మాత్రాన సినిమా నిలవదు. కత్తి, రక్తం, వంశం పేరు చెప్పే మగతనం పదే పదే వస్తే అలవాటుగా మారతాయి. దీనికి సమాధానంగా ఈ వాదులు చెప్పేదీ వినాలి. ‘మాయాబజార్’ కూడా ముందు హాలులోనే గెలిచింది. జనం మెచ్చినదాన్ని తక్కువ చేయడం ఒక రకం కులీనత్వమే అంటారు వారు. ఆ మాటలో నిజం ఉంది.

లెక్కలోకి రాని దర్శకురాళ్లు

పై మూడు వాదాల్లోనూ ఉన్న పేర్లన్నీ పురుషులవే. ఈ నేల చరిత్ర మాత్రం అలా లేదు. ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో 1925లో పుట్టిన భానుమతి 1953లో ‘చండీరాణి’కి దర్శకత్వం వహించారు. తెలుగు, తమిళ, హిందీ మూడు భాషల్లో ఒకేసారి తీసిన చిత్రమది. అందులో ఆమె ద్విపాత్రాభినయం కూడా చేశారు. గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి 1968లో ‘చిన్నారి పాపలు’ తీశారు. విజయనిర్మల తెలుగులో 1973లో యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా ‘మీనా’తో మొదలుపెట్టి నలభైకి పైగా చిత్రాలకు దర్శకత్వం వహించారు. అత్యధిక చిత్రాలు తీసిన మహిళా దర్శకురాలిగా 2002లో గిన్నిస్ గుర్తింపు పొందారు.

వీరిని దర్శకులుగా ఎంతమంది అభిమానిస్తారు? భానుమతి అంటే గొంతు, గర్వం. సావిత్రి అంటే కళ్లు, విషాదం. 2018లో వచ్చిన ‘మహానటి’ ఆమె దర్శకత్వ ప్రయత్నాన్ని గుర్తు చేసినా, ఆ అధ్యాయం పతనానికి ముందుమాటగానే మనసులో మిగిలింది. విజయనిర్మలను సంఖ్య కోసం తలచుకుంటారు. ఆ సంఖ్యలో ఉన్న సినిమాల గురించి మాట్లాడేవారు తక్కువ. సంతకం, ప్రయోజనం, హాలు అన్న మూడు కొలతల్లో దేనితోనైనా ఈ ముగ్గురి సినిమాలను సీరియస్‌గా తూచిన తర్వాతే ఈ చర్చ సంపూర్ణమవుతుంది. ఇప్పటిదాకా ఆ పని జరగాల్సినంత జరగలేదు.

ఇదే గొడవ ప్రపంచంలో

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. 1954లో ఫ్రాన్సులో ‘కాయే దు సినిమా’ పత్రికలో ఫ్రాన్స్వా త్రూఫో రాసిన వ్యాసం, సినిమాకు అసలు కర్త రచయిత కాదు, దర్శకుడేనన్న ఆలోచనకు ఊపిరిచ్చింది. అమెరికాలో 1962లో ఆండ్రూ సారిస్ దాన్ని సిద్ధాంతంగా మలిచి మూడు పరీక్షలు పెట్టారు: పనితనం ఉండాలి, అన్ని సినిమాల్లో కనిపించే వ్యక్తిత్వం ఉండాలి, పైకి కనిపించే కథకు అడుగున ఇంకో అర్థం పలకాలి. మరుసటి ఏడాదే పౌలీన్ కేల్ ఎదురు తిరిగారు. ఒకే తప్పును పదిసార్లు చేస్తే అది వ్యక్తిత్వం అయిపోదన్నది ఆమె వాదన సారం. 1971లో ఆమె ‘సిటిజన్ కేన్’ ఘనతలో రచయిత మాంకీవిచ్‌కు పెద్ద వాటా ఉందని రాశారు. ‘గుండమ్మ కథ’ ఎవరిదన్న మన ప్రశ్నకు అది అమెరికా రూపం.

సారిస్ పరీక్షలు మొదటి వాదానికి అనుకూలం. కేల్ అభ్యంతరం, విశ్వనాథ్ వరస చిత్రాలకైనా బోయపాటి వరస చిత్రాలకైనా ఒకేలా వర్తిస్తుంది. రెండో వాదాన్ని మాత్రం ఈ పాశ్చాత్య చర్చ అంతగా పట్టించుకోలేదు. ప్రజానాట్యమండలి వంటి సామూహిక సంప్రదాయం నుంచి వచ్చిన దర్శకుణ్ని ఒంటరి కర్తగా కొలవడమే సరికాదని వాదించే వీలు అక్కడుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

సంతకం వాదం: అడిగేది, ఈ చూపు ఎవరిది? చూపించే పేరు విశ్వనాథ్. బలం, మొత్తం సినిమాలను ఒక వరుసగా చూడగలగడం. లోపం, రచయిత, సంగీత దర్శకుడు, ఛాయాగ్రాహకుడి వాటా మరుగున పడటం. ‘శంకరాభరణం’లో జంధ్యాల మాట, వేటూరి పాట, కె.వి.మహదేవన్ బాణీ లేకుండా ఆ చూపు నిలబడదు.

ప్రయోజనం వాదం: అడిగేది, ఈ సినిమా ఎవరి పక్షం? చూపించే పేరు టి.కృష్ణ. బలం, కాలంతో ముఖాముఖి. లోపం, కాలం మారితే సినిమా పాతబడే ప్రమాదం.

హాలు వాదం: అడిగేది, ఈ సినిమా ఎవరిని కూర్చోబెట్టింది? చూపించే పేర్లు బి.గోపాల్, బోయపాటి, అనిల్ రావిపూడి. బలం, జనం తీర్పును గౌరవించడం. లోపం, హీరో బలాన్నీ దర్శకుడి బలాన్నీ విడదీయలేకపోవడం.

దర్శకురాళ్ల వాదం: అడిగేది, ఈ జాబితా ఎవరు రాశారు? చూపించే పేర్లు భానుమతి, సావిత్రి, విజయనిర్మల. బలం, చర్చ హద్దులనే ప్రశ్నించడం. లోపం, ఆ సినిమాలను మళ్లీ చూసి విశ్లేషించే పని వెనుకబడి ఉండటం.

గుంటూరు మిర్చి యార్డులో తేజ రకాన్ని ఘాటు కోసం కొంటారు, బ్యాడిగి రకాన్ని రంగు కోసం కొంటారు. ఘాటులో బ్యాడిగి ఓడిందని అక్కడ ఎవరూ అనరు. దర్శకుల విషయంలో మాత్రం మనం రోజూ ఆ మాటే అంటున్నాం.

ఇంకా తేలనివి

మొదటిది, ఊరి సంగతి. పుట్టిన ఊరు దర్శకుణ్ని మన వాణ్ని చేస్తుందా, తీసిన కథ చేస్తుందా? 1987–88లో తెల్లదోమ దెబ్బకు ఈ జిల్లాల పత్తి రైతులు అప్పుల్లో కూరుకుని ఆత్మహత్యలు చేసుకున్నారు. ఇక్కడ పుట్టిన పేరున్న దర్శకుల ప్రసిద్ధ చిత్రాల్లో ఆ దుఃఖం కథాకేంద్రం కాలేదు. గుంటూరు మిర్చి వ్యాపారాన్ని నేపథ్యంగా తీసుకున్న పెద్ద సినిమా ‘గుంటూరు కారం’ (2024) దర్శకుడు త్రివిక్రమ్‌ది భీమవరం. ఆ కథ కూడా తల్లీకొడుకుల బంధం చుట్టూ తిరిగేదే.

రెండోది, ప్రేక్షకుడి సంగతి. ‘జనం మెచ్చారు’ అన్నప్పుడు ఆ జనం ఒక్కటేనా? 1991లో గుంటూరు జిల్లా చుండూరులో దళితుల ఊచకోతకు దారితీసిన ఘర్షణ, సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లోని వ్యక్తికి తగిలిందన్న తగాదాతో మొదలైంది. ఒకే తెర ముందు కూర్చున్నా అందరూ ఒకే హోదాతో కూర్చోలేదు. కులాన్ని బట్టి హీరోను, హీరోను బట్టి దర్శకుణ్ని ఎంచుకునే అలవాటు ఉన్నంతకాలం హాలు వాదం తన పునాదిని తానే పరీక్షించుకోవాలి.

మూడోది, సమష్టి కృషి సంగతి. చక్రపాణి, నరసరాజు, కొసరాజు ఈ మైదానం నుంచి వెళ్లి తెలుగు సినిమా నుడికారాన్ని మలిచారు. దర్శకుడి ఒక్కడి పేరే అడిగే ప్రశ్నలో వారికి చోటు లేదు.

ఎటు మొగ్గాలి?

ఇన్ని కొలతలు ఉన్నప్పుడు ఎవరినీ ఎంచుకోకుండా తప్పుకోవడం సులువు. అది సమీక్ష పని కాదు. నాలుగు వాదాలనూ తూచి చూస్తే ఈ వ్యాసం మొగ్గు విశ్వనాథ్ వైపే. కారణం పురస్కారాలు కావు, శాస్త్రీయ సంగీతం కాదు. తన నమ్మకాన్ని తానే మళ్లీ మళ్లీ బోనులో నిలబెట్టిన దర్శకుడు ఆయన.

‘శంకరాభరణం’లో శంకరశాస్త్రి విద్యకు వారసుడిగా నిలిచేది తులసి కొడుకు. సమాజం వెలివేసిన తల్లి బిడ్డ అతను. మరుసటి ఏడాది ‘సప్తపది’లో ఓ బ్రాహ్మణ పెద్ద తన మనవరాలిని దళిత యువకుడి వెంట పంపే దాకా కథ నడిచింది. ‘స్వయంకృషి’లో కథానాయకుడు చెప్పులు కుట్టే వృత్తివాడు. ‘స్వర్ణకమలం’లో నాట్యం బలవంతపు వారసత్వం కారాదని, ఇష్టపడి ఎంచుకున్నదై ఉండాలని వాదించే అమ్మాయి గొంతు వినిపిస్తుంది. ‘స్వాతికిరణం’లో ఆ ప్రశ్న పరాకాష్ఠకు చేరింది. గురువును దైవంగా చూపించిన దర్శకుడే, ఆ చిత్రంలో శిష్యుడి ప్రతిభను చూసి ఓర్వలేని గురువును చూపించాడు. ఆ అసూయకు ఒక పిల్లవాడు బలయ్యాడు. గురుశిష్య సంప్రదాయం మీద బయటివారు ఎంత ఘాటుగా రాసినా ఆ చిత్రమంత లోతుగా గాయపరచలేరు. పన్నెండేళ్లలో తాను నిలబెట్టిన విలువ లోపలి చీకటిని తానే తెరకెక్కించగలగడం తెలుగు సినిమాలో అరుదైన సాహసం.

ఆయన మీది బలమైన అభ్యంతరం దీంతో పూర్తిగా తొలగిపోదు. ‘సప్తపది’లో కూడా చివరి అనుమతి ఇచ్చేది ఇంటి పెద్దే. దళిత యువకుడి కోణంలో ఆ కథ ఎప్పుడూ నడవదు. ఆ లోటును ఒప్పుకుంటూనే ఆయన్ను ఎంచుకోవాలి. టి.కృష్ణకు ఇంకో పదేళ్లు దక్కి, ఆయన కూడా తన ముగింపులను తానే ప్రశ్నించుకుని ఉంటే ఈ మొగ్గు మారేదేమో. హాలు దర్శకుల్లో తన హీరో హింసను తానే నిలదీసే సినిమా ఎవరు తీసినా ఈ తూకం మళ్లీ వేయాల్సిందే. ‘చండీరాణి’, ‘చిన్నారి పాపలు’, ‘మీనా’లను దర్శకత్వం కోసం చూసి రాసే విమర్శకులు వచ్చిన రోజున జాబితానే మారవచ్చు.

అందుకే ఈ చర్చలో దిగేవారు మూడు మాటలు చెప్పి దిగితే మంచిది: నేను ఎంచుకున్న పేరు ఇది, నేను పట్టుకున్న కొలత ఇది, నా ఎంపిక మీద వచ్చే అతి బలమైన అభ్యంతరం ఇది. మూడో మాట చెప్పగలిగిన అభిమానే తన దర్శకుణ్ని నిజంగా చూసినవాడు.